నల్లగా పోతే నేరేడు పండ్ల మీదికి నెట్టేయొద్దు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 41. ప్రొద్దుటూరులో బట్టల షాపులో పదహారేళ్లుగా సేల్స్‌మన్‌గా పని చేస్తున్నాను. నాకు మోషన్ ఫ్రీగా కాదు. మూడు రోజులకోసారి, అదీ మేక పెంటికల మాదిరి గట్టిగా వస్తుంది. రెండేళ్లుగా రాత్రిపూట ఒక పొడి వేసుకుంటున్నాను. వేసుకుంటే పొద్దున నీళ్లలా పోతుంది, మానేస్తే మళ్లీ మామూలే. ఈమధ్య రెండు మూడుసార్లు ఎర్రగా రక్తం కనపడింది, కోసినట్టు మంట. రోజూ కడుపు శుభ్రం కాకపోతే ఒంట్లో విషం చేరుతుందంటారు, నిజమేనా? ఎవరినైనా అడగాలంటే సిగ్గుగా ఉంది. ఇంకో చిన్న సంగతి. మా అమ్మకు 66 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకు మాత్రలు వాడుతుంది. వారం నుంచి నల్లగా పోతోందని మా ఆవిడతో చెప్పిందట. నేరేడు పండ్లు తింటున్నా కదా, దానికే అంటోంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయట, ఎండలకేమో అనుకుంటున్నాం.
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు చిన్న సంగతి అని చివర్లో రాసిందే ఈ ఉత్తరంలో పెద్ద సంగతి. అందుకే ఉత్తరం చదివిన రోజే మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేసి, అమ్మను వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పాను. మర్నాడు మీ మెసేజ్ వచ్చింది. హిమోగ్లోబిన్ 6.8 ఉందని, అడ్మిట్ చేసుకుని రక్తం ఎక్కిస్తున్నారని, ఎండోస్కోపీలో కడుపులో పుండు కనపడిందని రాశారు. ఆమె తేరుకుంటోందని విన్నాక నా మనసు కుదుటపడింది. మీకు ఫోన్లో చెప్పిందే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. మన జిల్లాల్లో ఇలాంటి అమ్మలు ఇంటికొకరు ఉన్నారు, వాళ్ల పిల్లలు చదవాలి.

తారు రోడ్డు వేసేటప్పుడు డ్రమ్ములోంచి కారే తారు చూసే ఉంటారు. నల్లగా, నిగనిగలాడుతూ, బంకగా ఉంటుంది. కడుపులో రక్తం కారితే మలం అలాగే వస్తుంది. నీళ్లు పోసినా ఒక పట్టాన వదలదు. వాసన మామూలు వాసన కాదు, ఒకసారి పీల్చిన నర్సు మళ్లీ జన్మలో మరిచిపోదు. రక్తం ఎర్రగా కదా ఉండాలి, నల్లగా ఎందుకొస్తుందని మీరు ఫోన్లో అడిగారు. పుండు ఉన్నది పైన, కడుపులో. అక్కడ కారిన రక్తం యాసిడ్‌తో కలుస్తుంది. తర్వాత ఇరవై అడుగుల చిన్న పేగు, అయిదడుగుల పెద్ద పేగు దాటి రావాలి. దారి పొడుగునా జీర్ణమవుతూ, బాక్టీరియా నోట పడుతూ వచ్చేసరికి నల్లబడుతుంది. ఇందుకు లీటర్ల కొద్దీ రక్తం పోనక్కర్లేదు. 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసు చాలు. వారం రోజులు అలా పోతే హిమోగ్లోబిన్ 6.8కి దిగడంలో ఆశ్చర్యం లేదు. లేచి నిలబడగానే కళ్లు తిరగడం ఎండ వల్ల కూడా వస్తుంది, నిజమే. కానీ నల్ల విరేచనం, కళ్లు తిరగడం రెండూ ఒకే మనిషిలో కనపడితే ఎండను అనుమానించే టైం లేదు. 108కి ఫోన్ చేసినా తప్పు లేదు.

నేరేడు పండ్లు తిన్నా రంగు ముదురుతుంది, ఆమె చెప్పింది అబద్ధం కాదు. అయితే ఆ మలానికి మామూలు ఆకారం ఉంటుంది, బంకగా అంటుకోదు, పండ్లు మానేసిన రెండు మూడు రోజులకే రంగు సర్దుకుంటుంది. ఆ తేడా ఆమెకు తెలియాలంటే ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి.

పుండు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. కడుపు లోపలి గోడ మీద యాసిడ్ తగలకుండా కాపాడే జిగురు పొర ఒకటుంటుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కీళ్లలో వాపు తగ్గించే పనిలో ఆ పొరను కూడా పల్చబరుస్తాయి. నాలుగు రోజులు వాడితే చాలామందికి ఏమీ కాదు. నెలల తరబడి, అదీ అరవై దాటాక వాడితే పుండు పడే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఇంకా కష్టమేమిటంటే, నొప్పి మాత్ర పుండు నొప్పిని కూడా కప్పేస్తుంది. పెద్దవాళ్లలో చాలామందికి కడుపు నొప్పే రాదు, మొదటి గుర్తు నల్ల విరేచనమే.

నా దగ్గరికి ఒకామె కమలాపురం వైపు నుంచి వచ్చేది. శెనక్కాయలు పెరికే కాలంలో ఆమె వక్కాకు సంచిలో తమలపాకుల మధ్య ఒక కాగితం పొట్లం ఉండేది. పొట్లం విప్పి నా బల్ల మీద పోస్తే పచ్చది ఒకటి, తెల్లవి రెండు, నారింజ రంగుది ఒకటి. పేరు లేదు, అట్ట లేదు. "ఇవి ఏసుకుంటే సేన్లోకి పోతా నాయనా, ఏసుకోకుంటే మంచం దిగలేను" అనేది. ఆమెను నేనెట్లా తప్పు పడతాను? కూలికి పోతే కదా పొద్దు గడిచేది. కానీ ఆ పొట్లంలో రెండు నొప్పి మాత్రలతో పాటు స్టెరాయిడ్ కూడా ఉంది. ఆ రెండూ కలిస్తే కడుపుకు రెట్టింపు దెబ్బ. మీ అమ్మ మాత్రల అట్టలు, ఖాళీవైనా సరే, అన్నీ తీసుకుపోయి డాక్టరుకు చూపించండి. గుండెకోసం ఆస్పిరిన్ వాడే పెద్దవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు, డాక్టరే తేల్చాలి. పుండుకు హెలికోబాక్టర్ అనే బాక్టీరియా కూడా కారణం కావచ్చు. ఎండోస్కోపీలో దానికి పరీక్ష చేశారో లేదో అడగండి. ఉంటే రెండు వారాల కోర్సు పూర్తిగా వాడాలి, సగంలో మానితే మళ్లీ మొదటికొస్తుంది. మన వైపు అల్సర్ అనగానే కారం మీద పడతారు. ఎర్రకారం తింటే ఉన్న మంట ఎక్కువ కావచ్చు గానీ, పుండు పుట్టించేవాటిలో ముందు వరుస నొప్పి మాత్రలదీ ఈ బాక్టీరియాదీ.

ఇక మీ సంగతి.

విషం చేరుతుందా అంటే, చేరదు. ఒంట్లో వ్యర్థాలను ఏరిపారేసే పని కాలేయానిదీ మూత్రపిండాలదీ. రెండు రోజులు మోషన్ కాకపోతే రక్తంలోకి విషం ఎక్కుతుందన్నది పొడులు అమ్ముకునేవాళ్లకు పనికొచ్చే మాట. మా చిన్నప్పుడు మా జేజి కూడా నెలకోసారి ఆదివారం పొద్దున్నే పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఆముదం తాగించేది. ముక్కు మూసి, గొంతులో పోసి, నోట్లో బెల్లం ముక్క పెట్టేది. ఆమె ప్రేమను నేనెప్పుడూ శంకించలేదు. ఆ ఆముదం వల్ల మాకు ఒరిగింది మాత్రం ఆ ఒక్క రోజు నీరసమే.

రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎన్నిసార్లయినా మామూలే అంటారు డాక్టర్లు. మూడు రోజులకోసారి అంటే ఆ లెక్కకు కొద్దిగా తక్కువే, అయినా అదొక్కటే జబ్బు కాదు. పెంటికల్లా రావడం, ముక్కాల్సి రావడం, పోయాక కూడా ఇంకా మిగిలి ఉన్నట్టు అనిపించడం, వీటినే మలబద్ధకం అంటాం. ఎన్నిసార్లు అన్నదాని కన్నా ఎలా ఉంది అన్నదే ఎక్కువ చెబుతుంది. మన పాతవాళ్లు "సుఖ విరేచనం" అన్నారు చూడండి, లెక్క చెప్పలేదు, సుఖం అన్నారు. అంతకన్నా మంచి మాట నాకు ఏ వైద్య పుస్తకంలోనూ దొరకలేదు.

ఆకారం ఎందుకు మారుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. చిన్న పేగు నుంచి రోజూ దాదాపు లీటరున్నర పల్చటి ద్రవం పెద్ద పేగులోకి దిగుతుంది. పెద్ద పేగు దాన్ని నెమ్మదిగా నడిపిస్తూ నీళ్లు పీల్చుకుంటుంది. చివరికి బయటికొచ్చే మలంలో నూరు, నూటయాభై మిల్లీలీటర్ల నీళ్లే మిగులుతాయి. త్వరగా నడిచిపోతే పీల్చుకునే టైం దొరకదు, పల్చగా వస్తుంది. ఆగి ఆగి నడిస్తే పూర్తిగా పిండేస్తుంది, గట్టిపడి ముక్కలవుతుంది. 1997లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో లూయిస్, హీటన్ అనే ఇద్దరు డాక్టర్లు 66 మంది మీద దీన్ని పరీక్షించారు. కొన్నాళ్లు సునాముఖి మాత్రలిచ్చి పేగు నడకను వేగం చేశారు, కొన్నాళ్లు విరేచనాలు కట్టే మందిచ్చి నెమ్మది చేశారు. నడక మారినప్పుడల్లా ఆకారం మారింది. అప్పటి నుంచి ప్రపంచమంతా డాక్టర్లు వాడుతున్న ఏడు రకాల చార్టు వాళ్లు వాడినదే.

ఆ చార్టులో మొదటిది మీరు రాసిందే, విడివిడి పెంటికలు. మన సీమలో గొర్రెలు, మేకలు తెలియని ఊరు లేదు కాబట్టి దీన్ని వివరించక్కర్లేదు. రెండోది ఆ పెంటికలే ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు గడ్డలుగా వచ్చేది. మూడోదానికి ఎండాకాలంలో నల్లరేగడి చేను మాదిరి పైన సన్నటి బీటలుంటాయి. నాలుగోది అరటిపండంత నున్నగా, మెత్తగా, ఒక్క ముక్కగా జారుతుంది. మూడు, నాలుగు ఆరోగ్యం. అయిదోది మెత్తటి చిన్న ముక్కలు, ఆరోది జావ, ఏడోది వట్టి నీళ్లు. మీరు ఇప్పుడు ఒకటికీ ఏడుకీ మధ్య ఊగుతున్నారు. పొడి వేసుకోని రోజు ఒకటి, వేసుకున్న మర్నాడు ఏడు. నాలుగు అనేది రెండేళ్లుగా మీకు కనపడే ఉండదు.

ఆ పొడి పొట్లం మీద ఏముందో చదవండి. ఇలాంటివాటిలో చాలావరకు ఉండేది సునాముఖి, అంటే మనం నేలతంగేడు అనే చెట్టు ఆకు. బ్రిస్టల్ డాక్టర్లు పేగును పరిగెత్తించడానికి ఇచ్చిందీ అదే. చెడ్డ మందేమీ కాదు, నాలుగైదు రోజుల అవసరానికి మేమూ రాస్తాం. రోజూ రెండేళ్లు వేసుకోవడం వేరు. నీళ్ల విరేచనాలతో పొటాషియం పోయి నీరసం, కండరాలు లాగడం మొదలవుతాయి. పైగా, పేగు పూర్తిగా ఖాళీ అయ్యాక అది మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ మీకు మోషన్ రాదు, రావలసిన పనీ లేదు. మీరేమో ఆగిపోయిందని కంగారుపడి మళ్లీ పొడి వేస్తారు. ఈ చక్రం ఆపాలి. ఒక్కసారిగా కాదు, రోజు విడిచి రోజు చేసి, తర్వాత ఇంకా తగ్గిస్తూ మూడు నాలుగు వారాల్లో మానేయండి. ఆ స్థానంలో ఇసబ్గోల్ పొట్టు ఒక చెంచా పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగండి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. నీళ్లు తక్కువైతే అదే గొంతులోనో పేగులోనో ముద్దగా అడ్డం పడుతుంది. అది చాలకపోతే పేగులోకి నీళ్లు లాగి మెత్తబరిచే లాక్టులోజ్ లాంటి సిరప్‌లున్నాయి, డాక్టరు రాసిస్తారు.

తిండి గురించి నేనెక్కువ సేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి. మీ ఉత్తరంలో రాయలేదు గానీ ఫోన్లో చెప్పారు: పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం షాపు వెనక క్యారియర్లో అన్నం, రాత్రి అన్నం. ఉగ్గాని మీద నాకు ఏ కోపమూ లేదు, కానీ బొరుగులంటే బియ్యమే. అంటే మూడు పూటలా పాలిష్ బియ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా లేదు. అదే వంద గ్రాముల జొన్నల్లో సుమారు 10, రాగుల్లో 11, సజ్జల్లో 11 గ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 30 గ్రాములు కావాలి. మా అబ్బ పొద్దున సంగటి ముద్ద, రాత్రి జొన్న రొట్టె తిని చేనికి పోయి వచ్చేవాడు. మలబద్ధకం అనే మాట ఆయన నోట నేను వినలేదు. రెండు తరాల్లో మనం ఆ గింజలు వదిలి తెల్లన్నానికి వచ్చాం. ఇప్పుడు హోటళ్లలో పెట్టే సంగటిలో కూడా సగం బియ్యమే ఉంటోంది.

మొత్తం మార్చమని అడగను. రాత్రి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు తినండి, ఊళ్లో సాయంత్రాలు రోడ్డు పక్కన పెనం మీద కాల్చి ఇచ్చే అక్కల దగ్గర తెచ్చుకున్నా సరే. పిండి జల్లెడ పట్టొద్దు. పక్కన వట్టి ఊరిబిండి కాకుండా పప్పో, అలసందల కూరో, గోగాకో ఉండాలి. సాయంత్రం నాలుగింటికి టీతో బజ్జీ బదులు ఒక జామకాయ గింజలతో సహా తినండి. పులివెందుల అరటి మీకు పక్కనే ఉంది, బాగా పండింది తినండి. మన చీనీకాయల రసం తాగేకన్నా తొనలు వాటి పల్చటి పొరతో సహా నమలడం మేలు. వీటన్నిటినీ ఒకే రోజు మొదలుపెడితే కడుపు ఉబ్బరించి, గ్యాస్ పట్టి, నన్ను తిట్టుకుంటారు. వారానికొకటి కలుపుకుంటూ పోండి. మొక్కజొన్న తిన్నాక గింజలు అలాగే కనపడుతున్నాయని చాలామంది భయపడుతూ రాస్తుంటారు. ఆ పై తొక్కను మనిషి కడుపు అరిగించలేదు, లోపలి పిండి అరిగే ఉంటుంది. నిజానికి అది మంచి పరీక్ష. ఎప్పుడు తిన్నారో, ఎప్పుడు కనపడిందో చూసుకుంటే మీ పేగు నడక ఎంతసేపో తెలిసిపోతుంది. ఒకటి ఒకటిన్నర రోజు అయితే హాయిగా ఉన్నట్టు, మూడు రోజులు దాటితే నెమ్మది.

మీరు చెప్పినవాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒకటుంది. పొద్దున పదిన్నరకు మోషన్ వచ్చినట్టు అనిపిస్తుంది, అప్పుడే షాపు తెరిచి గిరాకీ మొదలవుతుంది, ఆపుకుంటాను అన్నారు. షాపులో పన్నెండు మందికి ఒకే బాత్రూం, అదీ గోడౌన్ వెనక, ఆడపిల్లలైతే నీళ్లు తాగడమే మానేశారు అన్నారు. మన జిల్లాలో మే నెలలో నలభై దాటిన ఎండలో, పది గంటలు నిలబడి పని చేసే మనుషులు బాత్రూం లేదని నీళ్లు తాగకపోవడం! యజమానులు ఎవరైనా ఈ జవాబు చదువుతుంటే వేడుకుంటున్నాను, ఒక శుభ్రమైన బాత్రూం, ఐదు నిమిషాల వీలు ఇవ్వండి. పేగు ఒకసారి పిలుస్తుంది, రెండుసార్లు పిలుస్తుంది. ఏళ్ల తరబడి ఆపుకుంటే పిలవడం తగ్గిస్తుంది, మలం పైనే నిలిచి మరింత ఎండుతుంది.

ఆ పదిన్నర పిలుపును ఇంటికే తెచ్చుకోవచ్చు. ఏదైనా తిన్న అరగంటలోపు పెద్ద పేగు బలంగా కదులుతుంది, అది పొద్దున పూట ఇంకా ఎక్కువ. మీరు ఎనిమిదిన్నరకు ఏమీ తినకుండా టీ తాగి బయల్దేరి, షాపు దగ్గర పదింటికి ఉగ్గాని తింటున్నారు. అందుకే పదిన్నరకు వస్తోంది. ఏడున్నరకే ఇంట్లో గోరువెచ్చని నీళ్లు తాగి, కడుపుకు ఏదైనా తిని, ఎనిమిదింటికి వచ్చినా రాకపోయినా వెళ్లి కూర్చోండి. పది నిమిషాలకు మించి కాదు, ఫోన్ బయటే పెట్టండి. ఎక్కువసేపు కూర్చుని ముక్కితే మొలలు దిగుతాయి. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద జానెడు ఎత్తు పీట వేసుకోండి. మన పాత పద్ధతిలో గొంతుక్కూర్చున్నప్పుడు చివరి పేగు వంపు తిన్నగా అవుతుంది, పీట వేస్తే కొంతవరకు అదే జరుగుతుంది. రెండు మూడు వారాలకు అలవాటు పడుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు థైరాయిడ్, షుగర్ చూడమనండి. థైరాయిడ్ తగ్గినా మలబద్ధకం వస్తుంది. కాల్షియం, ఐరన్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, గ్యాస్‌కు తాగే కొన్ని సిరప్‌లు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు కూడా గట్టిపరుస్తాయి.

ఇప్పుడు ఆ ఎర్రటి రక్తం. మోషన్ గట్టిగా వచ్చినప్పుడే, కోసినట్టు మంటతో, నాలుగు చుక్కలు తాజాగా పడ్డాయంటే బహుశా ఫిషర్, అంటే ద్వారం దగ్గర చిన్న చీలిక. నొప్పి లేకుండా చుక్కలు చుక్కలుగా పడితే మొలలు కావచ్చు. మలం మెత్తబడితే చాలామందిలో చీలిక దానంతటదే మానుతుంది, గోరువెచ్చని నీళ్ల టబ్బులో రోజుకు రెండుసార్లు పది నిమిషాలు కూర్చుంటే మంట తగ్గుతుంది. కానీ నేను "బహుశా" అన్నాను. ఉత్తరంలో చూసి నేను తేల్చలేను, మీరు అద్దంలో చూసుకుని తేల్చలేరు. ఒకసారి డాక్టరు చూడాలి. వేలితో చేసే పరీక్ష ఒక్క నిమిషం, దానికి సిగ్గుపడొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా చిన్నాయన. జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఉండేవాడు. రక్తం పడుతుంటే మొలలే అనుకున్నాడు. "ఆపరేషన్ లేకుండా మొలలు మాయం" అని గోడ మీద రాసి ఉన్న చోటికి పోయి ఎనిమిది నెలలు లేపనాలు, సూదులు వేయించుకున్నాడు. అక్కడ ఎవరూ వేలు పెట్టి చూడలేదు. నేను అప్పటికే డాక్టర్ని. అన్న కొడుకుతో ఇలాంటివి మాట్లాడతారా అని నాకు చెప్పలేదట. నాకు తెలిసేసరికి పంచె వదులై నడుముకు తాడు కట్టుకున్నాడు. పరీక్ష చేస్తే ద్వారానికి కొద్దిగా లోపలే గడ్డ, వేలికి తగిలింది. క్యాన్సరే. ఆపరేషన్ అయ్యాక రెండేళ్లు బతికాడు. ఆ ఎనిమిది నెలలు మాకు తిరిగి రాలేదు.

మీ వయసులో, మీరు చెప్పిన లక్షణాల్లో, అది క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువ. భయపెట్టడానికి రాయడం లేదు. అయితే రక్తం మలంలో కలిసిపోయి వస్తున్నా, బరువు తగ్గుతున్నా, హిమోగ్లోబిన్ కారణం తెలియకుండా పడిపోతున్నా, ఏళ్ల తరబడి ఒకలా ఉన్న అలవాటు యాభై దరిదాపుల్లో ఉన్నట్టుండి మారి వారాల పాటు అలాగే ఉన్నా, తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉన్నా కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్ద పేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలి. పేగు ఖాళీ చేయడానికి ముందురోజు తాగే మందే కష్టం, పరీక్ష మత్తులోనే అయిపోతుంది.

మిగతా రంగుల గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. గోధుమరంగు పైత్యరసం నుంచి వస్తుంది. ఆకుకూరలు ఎక్కువ తిన్నా, విరేచనాలు త్వరత్వరగా అయినా ఆకుపచ్చగా ఉంటుంది, కంగారు లేదు. బీట్‌రూట్ తింటే ఎర్రగా ఉంటుంది. తేలుతూ, జిడ్డుగా, నీళ్లు పోసినా నూనె తెట్టు మిగిలితే కొవ్వు అరగడం లేదని అర్థం, క్లోమం చూపించుకోవాలి. రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, రెండు వారాలు దాటిన విరేచనాలు, జ్వరంతో రక్తం, జిగురు పడే విరేచనాలు ఇంట్లో మందులతో నెట్టుకురావద్దు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన కొత్తలో పల్చగా కావడం మామూలే.

ఒక్క రంగు దగ్గర మాత్రం ఆగాలి, తెలుపు. సుద్ద ముక్కలా, బంకమట్టిలా తెల్లగా వస్తూ, మూత్రం టీ డికాక్షన్‌లా ముదిరి, కళ్లు పచ్చబడితే పైత్యరసం పేగులోకి రావడం లేదు, దారిలో ఎక్కడో రాయో గడ్డో అడ్డం పడి ఉండొచ్చు. మన ఊళ్లలో కామెర్లు అనగానే పసరు తాగించడానికి పరిగెత్తుతారు. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు దక్కుతుంది. దారి మూసుకున్న కామెర్లు పసరుతో తగ్గవు. ముందు స్కానింగ్ చేయించాలి.

ఇక అమ్మ ఇంటికి వచ్చాక. రక్తం కారడం ఆగినా ఇంకో రెండు మూడు రోజులు నల్లగానే పోవచ్చు, లోపల ఉన్నది బయటికి రావాలి కదా. తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది. అంతలో డాక్టర్లు ఐరన్ మాత్రలు మొదలుపెడతారు, మళ్లీ నల్లబడుతుంది! అప్పుడు మీరు ఇద్దరూ బెదిరిపోవద్దు, అలాగని ఏమరుపాటూ వద్దు. ఐరన్ నలుపులో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, ఆకారం ఉంటుంది, గట్టిగా ఉంటుంది, బంకగా సాగదు, ఆ దుర్వాసన ఉండదు. తారులా మారినా, కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా, చెమటలు పట్టినా, కాఫీ పొడి కలిసిన నీళ్లలా వాంతి అయినా అర్ధరాత్రయినా తీసుకుపోండి. మోకాళ్లకు పారాసెటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో వాడొచ్చు, తొడ కండరాల వ్యాయామాలు నేర్పించండి. వక్కాకు సంచిలోనో, బియ్యం డబ్బా వెనకో పాత మాత్రలు మిగిలి ఉంటాయి, ఆమెతోనే వెతికించి పారేయించండి. ఆమె రోజూ మీ ఆవిడతోనే చెప్పుకోగలుగుతోంది కాబట్టి రంగు అడిగే బాధ్యత మీ ఆవిడకే ఇవ్వండి, ఆ మాట మీదాకా వెంటనే రావాలని చెప్పండి. నెల తర్వాత హిమోగ్లోబిన్ మళ్లీ చూపించి, ఎంత ఉందో నాకు రాయండి. మీ పరీక్ష సంగతి కూడా అదే ఉత్తరంలో రాయండి.